కత్తెర పడని తీగలు

మ్యూజియంకి రబ్బరు నమూనాలు చేసే ఆ కార్ఖానాలో ఆమె భర్త తయారు చేసిన జంతువులన్నింటికీ ఏదో ఒకటి తక్కువే. మ్యూజియం తలుపు చిన్నదంటే మొసలి తోక చివర కోసేశాడు. అల్మారా ఇరుకంటే ఆక్టోపస్ చేతులు మడిచి పొట్ట కిందికి తోసేశాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా "సరేనండీ, అలాగే" అనేవాడు. కోసిన ముక్కల్ని మాత్రం చెత్తబుట్టలో వెయ్యకుండా అటక మీద దాచుకునేవాడు.

అటువంటి మనిషి ఆఖరి పనిని ఎవర్నీ అడక్కుండా అసలు పొడవుకే మొదలుపెట్టాడు. మ్యూజియం ఇచ్చిన గాజు పెట్టె కొలత మరచిపోయాడో, కావాలనే చేశాడో ఆమెకు తెలియదు. అడిగే వ్యవధి లేకపోయింది. పని సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని, బల్ల మీదే తల వాల్చేశాడు. మిగతా సగం ఆమే చేస్తోంది, ఆడపడుచు తోడుగా.

ఆడపడుచును అన్న చిన్నప్పుడు పిచ్చుక అని పిలిచాడు. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి ఆ పేరే ఖాయమైంది. పిచ్చుక అచ్చుల్లో సిలికాన్ పోస్తుంది. ఆమె రంగులు వేస్తుంది.

వాళ్ళు చేస్తున్నది సముద్రం మీద తేలే విషజీవి. పాతకాలపు నావికులు దానికి పోర్చుగీసు యుద్ధనౌక అని పేరు పెట్టారు. పైన రొట్టె అంత గాలితిత్తి, గులాబీ నీలం కలిసిన రంగు, దాని మీద తెరచాపలాంటి ముడత. కింద నీలి తీగలు, మూడంతస్తుల మేడ మీంచి వదిలితే నేలను తాకేటంత పొడవు. జెల్లీచేప అంటారు గానీ కాదు. అసలు ఒక జంతువే కాదు. వందల బుల్లి జీవుల కాపురం. తేలేవి తేలతాయి, వేటాడేవి వేటాడతాయి, తినేవి తింటాయి, పిల్లల్ని కనేవి కంటాయి. ఒకరి పని ఇంకొకరికి చేతకాదు.

ఆ తినేవాటి నోళ్ళను పిచ్చుక ఒక్కొక్కటే అతికిస్తోంది.

"వదినా, వీళ్ళలో నేనెవర్నంటావ్?"

"తినేదానివి. అందులో అనుమానమా?"

"అయితే నువ్వు కుట్టేదానివి. పొద్దున పాలవాడు నీ మొహం చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది కాబట్టి ఎలా ఆపుకోవాలో తెలియక, కుంచె నీళ్ళలో ముంచి అవసరం లేకపోయినా కడిగింది.

అదే వారం మ్యూజియం డైరెక్టరు పని చూడటానికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. భర్త పోయినప్పుడు వచ్చి, గంటసేపు కూర్చుని వెళ్ళిన మనిషి. గాలితిత్తి చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు.

"ప్రాణం ఉన్నట్టే ఉందమ్మా! ముట్టుకుంటే కుట్టదు కదా?"

"ఇది రబ్బరండీ. అసలుదైతే చచ్చి ఒడ్డున పడ్డాక కూడా కుడుతుంది. తీగ తెగిపోయినా దాని మీది విషపు కణాలు పనిచేస్తూనే ఉంటాయి."

ఆయన నవ్వి, జేబులోంచి కొలిచే టేపు తీశాడు. బల్ల మీంచి నేల మీదికి, నేల మీంచి గుమ్మం దాకా చుట్టలు చుట్టి పరిచిన తీగల్ని చూశాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

"మన గాజు పెట్టె మనిషి ఎత్తేనమ్మా."

"తెలుసండీ."

"మరింకేం, అక్కడికి కత్తిరించెయ్యండి. పిల్లలు చూసేది పైన రంగే. సోమవారం కొత్త గది తెరుస్తున్నాం, పై అధికారులు వస్తున్నారు. పెట్టెలో పట్టేలా తెస్తే తీసుకుంటాం. లేదంటే ఆ చోట ఇంకేదైనా పెట్టుకుంటాం."

"పొట్టిగా చూపిస్తే పిల్లలు తిత్తికి దూరంగా ఉంటే చాలనుకుంటారు. ఈదేవాళ్ళకి తగిలేది తిత్తి కాదండీ, ఎక్కడో దూరంగా ఉన్న తీగ."

"అదంతా బోర్డు మీద రాద్దాం." ఆయన టేపు చుట్టేసుకున్నాడు. "ఏమైనా పెద్దాయన దారే వేరు. ఆయనైతే ఈపాటికి కత్తెర చేతిలోకి తీసుకునేవారు."

పిచ్చుక ఒంటికాలి మీద లేచింది. "మా అన్నయ్యని మధ్యలోకి ఎందుకు లాగుతారు?"

"ఉండు పిచ్చుకా," అంది ఆమె. కుంచె పక్కన పెట్టింది. "నిజమేనండీ. ఆయనైతే కత్తిరించేవారు. ఆయన లేరు. నేనున్నాను."

డైరెక్టరు టేపు జేబులో పడేసుకున్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పిచ్చుక అచ్చులు తుడుస్తూ కూర్చుంది.

"పరాయివాడి ముందు అన్నయ్యని పిరికివాడన్నావు."

"అనలేదు. కత్తిరించేవారన్నాను. అటక మీది ముక్కల సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు."

పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. "పెట్టెలో పెట్టకపోతే మరెక్కడ పెడతావ్?"

"మ్యూజియం మెట్ల దగ్గర."

సోమవారం పొద్దున మ్యూజియం తలుపులు తెరవకముందే చేరుకున్నారు. మెట్లు మూడంతస్తుల దాకా చుట్టూ తిరుగుతూ వెళతాయి. మధ్యలో అంతా ఖాళీ. పైకప్పుకు ఎప్పటిదో పెద్ద దీపం వేలాడదీసిన ఇనుప కొక్కెం ఉంది. వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"పెట్టెలో పెట్టమన్నారు కదమ్మగారూ. సారు నా ఉద్యోగం ఊడబీకుతారు."

"తలుపు తాళంచెవి నేను లాక్కున్నానని చెప్పు."

"మీరా? నన్ను చూసి మిమ్మల్ని చూస్తే ఎవరైనా నమ్ముతారా?"

"నేను లాక్కున్నానని చెప్పు బాబాయ్, నమ్ముతారు," అంది పిచ్చుక. వాచ్‌మన్ పిచ్చుకను ఎగాదిగా చూసి, తాళంచెవి ఇచ్చేశాడు.

పై మెట్ల మీంచి పొడవాటి కర్రతో గాలితిత్తిని కొక్కేనికి తగిలించి, తీగల్ని ఒక్కొక్కటే కిందికి వదిలారు. రెండో అంతస్తు దాటి, మొదటిది దాటి, పూసలు గుచ్చినట్టున్న నీలి తీగలు నేలను తాకి ఆగాయి. పై కిటికీలోంచి వచ్చే గాలికి అన్నీ కలిసి కొంచెం ఊగుతున్నాయి. పైన చూస్తే రొట్టె అంత అందం. కింద నిలబడితే ఎటు చూసినా తీగలే.

డైరెక్టరు వచ్చేసరికి ఆమె కింది మెట్టు మీద కూర్చుని ఉంది. ఆయన మొహం ఎర్రబడింది.

"ఇదేం పనమ్మా? అధికారులు దారిలో ఉన్నారు! పెట్టెలో పట్టించమంటే..."

ఆమె సంచిలోంచి కత్తెర తీసి ఆయన చేతికిచ్చింది.

"కానివ్వండి. ఎక్కడ కొయ్యాలో కూడా మీరే చూపించండి. ఈ తీగ వేటాడుతుంది, దీనికి నోరు లేదు. ఆ పైనున్నవి నోళ్ళు, వాటికి పట్టుకోవడం రాదు. తిత్తికి తేలడం తప్ప ఏమీ రాదు. అన్నీ ఒకే గుడ్డులోంచి వచ్చినవి. ఏది అక్కర్లేదో చెప్పండి."

"అక్కర్లేదని నేనన్నానా?"

"కత్తిరించమన్నారు."

ఆయన కత్తెర తెరిచాడు. కత్తిరించాలంటే రెండో చేత్తో తీగను పట్టుకోవాలి. ఆ చెయ్యి ముందుకు వెళ్ళి, తీగకు జానెడు దూరంలో ఆగింది. ఆయన అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ చాపాడు. అప్పుడే గాలికి తీగ ఇటు ఊగింది. ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు.

"రబ్బరే కదా సార్," అంది పిచ్చుక పైనుంచి.

ఆయన తీగ వెంబడే చూపును పైకి పోనిచ్చి, తలెత్తి నిలబడ్డాడు.

"ఇంత ఉంటుందా నిజంగా?" అన్నాడు చివరికి, మామూలు గొంతుతో.

"ఇంతకన్నా పొడవైనవీ ఉంటాయండీ."

బయట కారు ఆగిన చప్పుడైంది. ఆయన చొక్కా సర్దుకున్నాడు.

"సరే, ఇవాళ్టికి ఉండనివ్వండి. వాళ్ళు వెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇవాళ్టికే కాదండీ."

"అమ్మా..."

"మాట్లాడుకుందాం, నాకేం అభ్యంతరం లేదు. రేపు వస్తాను, ఎల్లుండీ వస్తాను. కత్తెర ఇటివ్వండి."

ఆయన ఇచ్చాడు. వాచ్‌మన్ పెద్ద తలుపులు రెండూ బార్లా తెరిచాడు. ఆమె కత్తెరను సంచిలో వేసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ మెట్టు మీదే ఇంకాస్త కుదురుగా కూర్చుంది.