స్విచ్ ఆపితే చాలు

ఎలక్ట్రిక్ స్టవ్వుల విడిభాగాలు అమ్మేవాడికి రెండు రకాల మనుషులు తగులుతారు. సామాను కొని, బిగించేవాణ్ణి కూడా వెంట పంపమనేవాళ్ళు ఒక రకం. సామాను చేతిలో పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను అనేవాళ్ళు రెండో రకం. నా కొట్టు నిలబడింది ఈ రెండో రకం వల్ల. కాయిల్‌ని గాడిలో ఎలా పరచాలో, పింగాణీ పలక ఎటు తిప్పి కూర్చోబెట్టాలో, నట్టు ఎంతవరకు బిగించాలో కౌంటరు మీదే చేసి చూపిస్తాను. పద్దెనిమిదేళ్ళుగా చూపిస్తున్నాను. కరెంటు కొడుతుందేమోనని ఎవరైనా నసిగితే, "గోడ మీద స్విచ్ ఆపితే చాలు, ఇంక అది ఉత్త ఇనప ముక్క" అంటాను. ధైర్యం లేనివాడు సామాను కొనడు. అందుకని సామానుతో పాటు కాస్త ధైర్యం కూడా పొట్లం కట్టి ఇస్తాను.

అమ్మిన సరుకు తిరిగి వస్తే తప్పెక్కడుందో వెతుకుతాను. తిరిగి రాలేదంటే పని జరిగిందని నా లెక్క.

ఆ రోజు పదకొండున్నరకి మా ఆవిడ ఫోన్ చేసింది. కొట్లో ముగ్గురు గిరాకీలున్నారు. కరెంటు మేస్త్రి ఒక మూల స్టూలు మీద కూర్చుని వైరు చుట్టలు ఏరుకుంటున్నాడు.

"ఏవండీ, స్టవ్ ఆగిపోయింది. కాయిల్ మధ్యలో తెగింది, కంటికి కనిపిస్తోంది."

"పై అరలో కొత్తది ఉంది. మార్చెయ్. నువ్వు చూడని పనా?"

"మీరొచ్చాక చూద్దామా?"

"నేనొచ్చేసరికి మూడవుతుంది. అప్పటిదాకా ఖాళీ కడుపుతో కూర్చుంటావా? నాలుగు మరలు, రెండు నట్లు. పావుగంట పని."

"అది కాదండీ. ప్లగ్గు సాకెట్‌లోంచి రావడం లేదు. వేడికి కరిగి అతుక్కుపోయింది. రెండు చేతులతో లాగినా కదలట్లేదు."

"ప్లగ్గుతో నీకేం పని? స్విచ్ ఆపావా?"

"ఆపాను."

"ఆపితే చాలు."

"మీరు చాలంటున్నారు" అంది. అడిగినట్టూ లేదు, ఒప్పుకున్నట్టూ లేదు.

"ఊరందరికీ చెప్పే మాటే నీకూ చెబుతున్నాను. పెట్టెయ్, గిరాకీ ఉంది."

ఫోన్ జేబులో వేసుకుంటుంటే మేస్త్రి నవ్వాడు. "అమ్మగారికి పాఠం బాగానే చెప్పారు షావుకారూ. ఇంతకీ ఆ స్విచ్ ఎవరు బిగించారు?"

"నేనే. వంటింట్లోకి ఆ లైను లాగిందీ నేనే. పదకొండేళ్ళయింది, ఒక్కసారి మొరాయించలేదు."

"ఏ తీగ మీద పెట్టారు?"

"ఏ తీగ ఏంటయ్యా? తీగ తెంపి మధ్యలో స్విచ్ పెట్టాను. నొక్కితే వెలుగుతుంది, ఎత్తితే ఆరుతుంది."

మేస్త్రి రెండు వైరు ముక్కలు తీసి కౌంటరు మీద పక్కపక్కన పరిచాడు. "ఇది కరెంటు తెచ్చే తీగ. ఇది వెనక్కి తీసుకుపోయేది. స్విచ్ తెచ్చేదాని మీద ఉండాలి. పోయేదాని మీద పెట్టినా స్టవ్ వెలుగుతుంది, ఆరుతుంది, మీకు తేడా తెలియదు. కానీ ఆపినప్పుడు కరెంటు ఎక్కడికీ పోదు, స్టవ్ లోపలే కూర్చుంటుంది, ఎవరు ముట్టుకుంటారా అని." నా మొహం చూసి, "మీరు రంగు చూసే బిగించి ఉంటారులెండి" అన్నాడు.

రంగు. ఆ ఏడాది కొట్లో ఎర్ర వైరు చుట్ట ఒకటి మిగిలిపోయింది. ఎవరూ కొనలేదు. పారేయడం ఇష్టంలేక వంటింటి పని మొత్తం దానితోనే కానిచ్చాను. తెచ్చేదీ ఎర్రదే, పోయేదీ ఎర్రదే. ఆ తెలివికి చాలా రోజులు నన్ను నేనే మెచ్చుకున్నాను.

"రెండూ ఒకే రంగు" అన్నాను.

మేస్త్రి నవ్వు ఆపాడు. "టెస్టర్ పెట్టి చూశారా?"

"స్టవ్ వెలిగింది కదా. ఇంకేం చూడాలి?"

"అయితే సగానికి సగం" అన్నాడు.

సగానికి సగం అవకాశం మీద నేను చాలా బేరాలు చేశాను. కొన్ని కలిసొచ్చాయి, కొన్ని ముంచాయి. ఇదీ అలాంటిదేనని సర్దిచెప్పుకోబోతుంటే మా ఆవిడ మాట ఒకటి చెవిలో పడ్డట్టయింది. ఎప్పుడో, ఏడెనిమిదేళ్ళ కిందట, తడిగుడ్డ చేతిలో పట్టుకుని అంది: "ఈ స్టవ్ ఆపేసి తుడుస్తున్నా చీమ కుట్టినట్టు చురుక్కుమంటోందండీ." నరాల బలహీనత, పాలు తాగు అన్నాను. ఇంకోసారి అంది. ఆడవాళ్ళకి స్టవ్ కూడా మొగుడిలాగే కనిపిస్తుంది, ఊరికే కరుస్తుందంటారు అని కొట్లో చెప్పుకుని నవ్వుకున్నాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. స్టవ్ ముందు ఒక రబ్బరు పట్టా తెచ్చి వేసుకుంది. ముచ్చటపడి కొనుక్కుందనుకున్నాను.

ఆపేసి తుడుస్తున్నా. ఆపేసి. సగం కాస్తా పూర్తయిపోయింది.

ఫోన్ చేశాను. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఇంటికంతటికీ కరెంటు ఆపే మెయిన్ స్విచ్ కింది అంతస్తులో, మెట్ల పక్కన చెక్క అల్మరాలో ఉంది. దానికి తాళం వేసి ఉంది. వేసింది నేనే. కింది వాటాలో ఉండే బేకరీ ఆయన నా మీటరులోంచి కరెంటు లాగుతున్నాడని అనుమానపడి వేశాను. తప్పు మీటరుదేనని తర్వాత తేలింది. అయినా తాళం తీయలేదు. తీస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుంది. తాళంచెవి నా నడుముకి ఉంది. బేకరీ ఆయనకి రాత్రి పని, పగలంతా ఫోన్ ఆపేసి పడుకుంటాడు. అయినా ఆయనకీ చేసి చూశాను. ఆపేసే ఉంది.

"నా బండి ఎక్కండి" అన్నాడు మేస్త్రి.

గిరాకీల్ని అలాగే వదిలేసి ఎక్కాను. షట్టరు దించలేదు.

బండి మీద కూర్చున్నంతసేపూ లెక్క వేస్తూనే ఉన్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. పదకొండున్నరకి ఫోన్ పెట్టేశాను. పై అర అందుకోవడానికి స్టూలు తెచ్చుకోవాలి, రెండు నిమిషాలు. ఇంట్లో ఉన్నది కొస అరిగిపోయిన స్క్రూ డ్రైవరు. మంచివి కొట్లో అమ్మకానికి పెట్టి అరిగినవి ఇంటికి తీసుకుపోతాను. దానితో నాలుగు మరలు తీయాలంటే అయిదు నిమిషాలు. స్టవ్ బోర్లించి అడుగు రేకు తీయాలి, ఒక నిమిషం. అప్పుడు రెండు నట్లు. తెగిన కాయిల్‌కి ఒక కొస చచ్చి ఉంటుంది, ఒక కొస బతికి ఉంటుంది. ఆమె మొదట ఏది పట్టుకుంటుంది? కుడిచేతి వాటం. కుడి పక్కదే పట్టుకుంటుంది. బోర్లిస్తే కుడి ఎడమవుతుంది. నాకు గుర్తు రావడం లేదు. పద్దెనిమిదేళ్ళు ఊరికి చూపించిన స్టవ్ అడుగుభాగం నా కళ్ళ ముందు ఎటు తిప్పినా ఒకేలా ఉంది.

"ఎత్తారా?" అన్నాడు మేస్త్రి, తల తిప్పకుండా.

"మోగుతోంది."

బడి దగ్గర రోడ్డుకి అడ్డంగా లారీ తిప్పుతున్నారు. బండి ఆగింది. అప్పటికి పదకొండూ నలభై రెండు. దిగి పరుగెత్తాను. నేను పరుగెత్తి ఎన్నేళ్ళయిందో తెలియదు. పావుగంట పని అని చెప్పాను. నా మాట ప్రకారమే ఇంకా మూడు నిమిషాలుంది. జన్మలో మొదటిసారి నా మాట తప్పాలని కోరుకున్నాను.

అల్మరా తాళంలో చెవి దూరింది కానీ తిరగలేదు. ఏళ్ళ తరబడి తీయక లోపల తుప్పు పట్టింది. చేత్తో గుంజాను, చెప్పుతో కొట్టాను. ఆ చప్పుడుకి పక్క తలుపు తెరుచుకుంది. బేకరీ ఆయన నిద్ర కళ్ళతో బయటికొచ్చాడు.

"ఏం షావుకారు గారూ, మీ తాళం మీరే కొట్టుకుంటున్నారు? నేనైతే ముట్టుకోలేదు, ముందే చెబుతున్నా."

"తమ్ముడూ, ఏదైనా ఇనప ముక్కుంటే ఇవ్వు. పైన మీ వదిన..."

"ఓహో, ఇవాళ తమ్ముణ్ణయ్యానా..." అనబోయి నన్ను చూసి ఆగాడు. లోపలికెళ్ళి, వేడి ట్రేలు లాగే కొక్కెం లాంటిది తెచ్చాడు. నన్ను పక్కకి నెట్టి, గడియలో పెట్టి ఒక్క తన్ను తన్నాడు. గడియ, మరలు, చెక్క పెచ్చు అన్నీ కలిసి ఊడొచ్చాయి. మెయిన్ స్విచ్ కిందికి లాగాను.

కరెంటు పోతే మా ఆవిడ మొదటి మాట "మళ్ళీ పోయిందా" అని. వీధిలోకి కూడా వినిపిస్తుంది. చెవులు రిక్కించి నిలబడ్డాను. పైనుంచి ఏమీ వినపడలేదు.

అప్పటికి మేస్త్రి వచ్చేశాడు. మెట్లెక్కుతుంటే వెనక నుంచి, "మనిషిని ముందే ముట్టుకోకండి. నేను చూస్తాను" అంటున్నాడు. ఆ మాటకి సగం మెట్ల దగ్గరే ఒక మెట్టు తప్పి పడ్డాను. బేకరీ ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాడు.

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాను.

వంటింట్లో మా ఆవిడ రబ్బరు పట్టా మీద, గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. కాళ్ళు చాచి ఉన్నాయి. తల ఒక పక్కకి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. స్క్రూ డ్రైవరు ఒళ్ళో ఉంది. ఎదురుగా స్టవ్ బోర్లా పడి ఉంది, అడుగు రేకు తీసి ఉంది, రెండు నట్లూ బయటికి కనిపిస్తున్నాయి. పక్కన ఫోను, దాని మీద నా పేరు.

మేస్త్రి నన్ను దాటుకుని వెళ్ళి ముందుకి వంగాడు. ఆమె కళ్ళు తెరిచింది.

"వచ్చారా" అంది.

గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడ్డాను. నోట్లోంచి వచ్చింది పిచ్చి మాట. "ఫోన్ ఎందుకెత్తలేదు?"

"ఎత్తితే మళ్ళీ ఆపితే చాలంటారు." ఆమె గొంతులో కోపం లేదు. అది ఇంకా భయపెట్టింది. "చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. పెట్టకుండా కూర్చుంటే మూడింటికొచ్చి నవ్వుతారు. ఒక్కసారి వేలు వెనకపక్కతో తాకి చూశాను."

కుడి చెయ్యి చూపించింది. చూపుడువేలి కణుపు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ. చుట్టూ ఎర్రగా ఉంది.

"చురుక్కుమనడం కాదండీ ఈసారి. మోచెయ్యి దాకా గుంజింది. చెయ్యి దానంతట అదే వెనక్కొచ్చేసింది. తల తిరిగి ఇలా కూర్చున్నాను."

బేకరీ ఆయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మేస్త్రి ఆమెని గదిలోకి వెళ్ళమని చెప్పి, బేకరీ ఆయన్ని కిందికి పంపి మెయిన్ వేయించాడు. గోడ మీద స్విచ్ ఆపే ఉంది. అందరం చూశాం. టెస్టర్ కొస ఎడమ నట్టుకి ఆనించాడు. ఏమీ లేదు. కుడి నట్టుకి ఆనించాడు. పిడిలోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

"వెనకపక్కతో తాకారు కాబట్టి చెయ్యి విడిపోయింది" అన్నాడు మేస్త్రి, నా వైపు చూడకుండా. "నట్టు విప్పడానికి గుప్పిట పట్టి ఉంటే వేళ్ళు దాన్నే పట్టుకునేవి."

మళ్ళీ మెయిన్ ఆపి సాకెట్ పగలగొట్టి తీశాడు, స్విచ్ తీగ మార్చాడు. పని పది నిమిషాలైనా పట్టలేదు. పదకొండేళ్ళ కిందట అతన్ని పిలవకుండా నేను మిగుల్చుకున్నది ఆ పది నిమిషాల కూలి.

అతను వెళ్ళాక నేను ఆమె పక్కన కూర్చున్నాను. వేలికి వెన్న రాయబోతే, "చన్నీళ్ళు చాలు, మీ వైద్యం వద్దు" అంది. వేలు గిన్నెడు నీళ్ళలో ముంచి, "నేను పెళ్ళాన్ని కాబట్టి మీ మాట పూర్తిగా నమ్మలేదు. కొట్టుకొచ్చేవాళ్ళు నమ్ముతారు కదండీ" అంది.

హాస్యానికే అందనుకుంటాను. నేను నవ్వలేకపోయాను.

నాలుగింటికి కొట్టుకెళ్ళాను. ఏ వస్తువూ పోలేదు. ఒకాయన కాయిల్ కావాలని వచ్చాడు. ప్లగ్గు ఊడబీకి చేతిలో పట్టుకుంటే తప్ప స్టవ్ ముట్టుకోవద్దన్నాను, ఇంట్లో లైను ఎవరు లాగారని అడిగాను, టెస్టర్ ఉందా అన్నాను. నా వాలకం చూసి ఆయన కాయిల్ అక్కడే పెట్టేసి మనిషిని పిలిపించుకుంటానని వెళ్ళిపోయాడు.

పొద్దున మేస్త్రి కూర్చున్న స్టూలు వైపు చూస్తూ ఉండిపోయాను. అదే స్టూలు మీద నాలుగేళ్ళ కిందట ఒక హాస్టలు వాచ్‌మన్ కూర్చుని, లైను తానే లాగుకున్నానని గొప్పగా చెప్పి కాయిల్ పట్టుకెళ్ళాడు. అంతకుముందు నెలకోసారి వచ్చి ఏదో ఒకటి కొనేవాడు. ఆ తర్వాత రాలేదు. కవల పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన ఒకావిడ, "స్విచ్ ఆపితే చాలు కదా అన్నయ్యా" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చాలన్నాను. ఆమె కూడా రాలేదు. సరుకు తిరిగి రాలేదు కాబట్టి పని జరిగిందని లెక్కేసుకున్నాను.

చీకటి పడేదాకా ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. ముఖాలు గుర్తొస్తున్నాయి. ఇళ్ళు ఎక్కడో ఎప్పుడూ అడగలేదు.