కిటికీకి అతికించిన ఎముకలు

తెల్ల చొక్కా కాలరు మీద పడ్డ నెత్తురు చన్నీళ్ళలో ఉతికితేనే పోతుంది. వేణ్ణీళ్ళు తగిలాయా, మరక బట్టతో కాపురం పెట్టేస్తుంది. ఈ శాస్త్రం ఆమెకి ఏ బళ్ళోనూ చెప్పలేదు, పద్నాలుగేళ్ళ సంసారం నేర్పింది. ఆ ఆదివారం పొద్దున కుళాయి కింద చొక్కా నలుపుతుంటే చిట్లిన పెదవి నుంచి ఇంకో చుక్క దాని మీదే రాలింది. మళ్ళీ మొదట్నుంచీ ఉతికింది.

నెత్తురు ఆమెది, చొక్కా మొగుడిది. మొగుడు చర్చి సంఘానికి అయ్యగారు, పాస్టరు. అరగంట కిందట అతను ఆమెకి సాక్ష్యం నేర్పాడు. పై సంఘం నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నారు. అయ్యగారి ప్రార్థనకి భార్య విరిగిన చెయ్యి అతుక్కుందన్న మాట నిజమేనని ఆమె నోటనే వింటే, చుట్టుపక్కల పది సంఘాల పెత్తనం అయ్యగారి చేతిలో పెట్టి వెళతారు. లేచి నిలబడి, చెయ్యి చూపించి, డాక్టరు ముట్టనే లేదు, ప్రభువే బాగు చేశాడు అంటే చాలు.

"జరిగిందే చెప్తానండీ" అంది ఆమె.

పిడికిలి ఆ మాట పూర్తి కానివ్వలేదు. తల వెనక్కి వెళ్ళి గోడకి కొట్టుకుంది. జుట్టు పట్టి పైకి లేపి, మళ్ళీ అదే చోట కొట్టాడు. నోట్లో ఒక పన్ను కదిలింది. "ప్రభువు పేరు చెడగొడతావే?" అన్నాడు, చాలా బాధపడుతున్నవాడిలా. గుమ్మంలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డలు మడతపెడుతున్న అత్తగారు తలెత్తకుండానే ఎప్పటి మాటే అంది, ప్రభువు మనకోసం ఎన్ని దెబ్బలు తిన్నాడో తలుచుకుని ఓర్చుకోమని. ఎంత ఉక్కపోసినా ఆవిడ జాకెట్టు చేతులు ముంజేతుల దాకా దించకుండా ఉండదు. చేతులకి గాలి తగలక చెమటకాయలు పేలినా సరే.

ఆ చెయ్యి కథ సంగతి చెప్పాలి. మొదటిసారి చెప్పినప్పుడు ఎముక చిట్లిందన్నాడు. రెండో వారానికి రెండు ముక్కలైంది. పెద్ద కూటం నాటికి తోలు మీద వేలాడుతోంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఆ చెయ్యి ఊడి పక్కవీధిలో పడి, ప్రార్థన వినబడగానే నడుచుకుంటూ ఇంటికొచ్చి, తలుపు కొట్టి మరీ భుజానికి అతుక్కునేది. కట్టు ఎవరి కంటా పడకుండా నలభై రోజులు ఆమెని ఇంట్లోనే దాచి, ఉపవాస ప్రార్థనలో ఉందన్నాడు. ఆ నలభై రోజులూ ఒంటి చేత్తో వంట చేసింది.

అసలు జరిగింది ఇది. అన్నం కాస్త మెత్తబడింది. తడిబట్ట పిండినట్టు ఆమె చేతిని వెనక్కి తిప్పి పిండాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడయ్యింది. ఆమె నేల మీద పడింది, చెంప గచ్చుకి ఆనింది, పొయ్యి కింది మసి కంటికి జానెడు దూరంలో ఉంది. పక్కటెముకల్లో కాలితో తన్నుతుంటే ప్రభువా అని పిలిచింది. కాలు ఆగలేదు. మెరుపూ లేదు, దేవదూతా లేదు. కానీ పక్కన ఎవరో ఉన్నారు. నిలబడి చూడటం కాదు, తనలాగే నేలకి చెంప ఆనించి, తనలాగే ఊపిరందక పడి ఉన్నారు. తన్ను పడ్డప్పుడల్లా ఇద్దరూ కలిసే మూలిగారు. తెలివి తప్పుతూ కన్న కలేమో అని తర్వాత తనని తాను వందసార్లు అడిగింది. వందసార్లూ కాదనే అనిపించింది. అది ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాడే దాన్ని కూడా అతను ప్రసంగంలో పెట్టుకుంటాడు.

ఆమె పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గది తుడుస్తుంది. అక్కడ ఫిల్ములు తీసే ఆవిడని అందరూ ఎముకలక్క అంటారు.

"మెట్ల మీంచి పడ్డానక్కా" అంది ఆమె, విరిగిన చెయ్యి చూపించి.

"మీ ఇంటికి మెట్లెప్పుడు కట్టారే?" అంది ఎముకలక్క. ఫిల్ము దీపానికి అడ్డంపెట్టి వేలితో చూపించింది. పడితే అడ్డంగా విరుగుతుందట, మెలిపెడితే ఇలా చుట్టు తిరిగి విరుగుతుందట. అంచున పేరూ తేదీ తెల్లగా పడ్డాయి. "దాచుకో" అంది. అలా దాచినవి నాలుగయ్యాయి. ముంజెయ్యి, పక్కటెముకలు, మెడ కింది ఎముక, మణికట్టు.

వాటిని బీరువాలో చీరల కింద పెట్టింది. వేసవిలో ప్రసంగ వేదిక వెనక తూర్పు కిటికీలోంచి ఎండ ముందు వరస పెద్దల కళ్ళలో కొడుతోందని, నల్లటి అట్టలేమైనా దొరుకుతాయా అని అతను బీరువా వెతికాడు. ఫిల్ములు దొరికాయి. పెళ్ళాం ఆసుపత్రి చెత్త ఇంటికి మోసుకొచ్చిందనుకున్నాడు. దీపానికి పట్టి చూస్తే తెలిసేది, చూడలేదు. నాలుగు అద్దాలకి నాలుగూ అతికించి, బాగా పనికొచ్చాయని మెచ్చుకున్నాడు కూడా. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అతను ప్రేమ గురించి చెబుతుంటే, అతని తల వెనక పొద్దుటెండలో ఆమె ఎముకలు వెలుగుతుండేవి. జనం అదేదో రంగుటద్దాల అలంకారం అనుకున్నారు.

ఆ ఆదివారం తడి ఆరీఆరని తెల్ల చొక్కాలో అతను చెయ్యి కథ చెప్పి, ఆమెని లెమ్మన్నాడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని ఆమె వాచిన పెదవి వంక చూశాడు.

"నువ్వు చెప్పమ్మా. దేవుడే ముట్టాడని నీకెలా తెలుసు?"

తన గురించి అబద్ధాలు ఆమె పద్నాలుగేళ్ళుగా మింగుతూనే ఉంది. ఇది ప్రభువు గురించి. పక్కన పడి తనతో దెబ్బలు తిన్న మనిషిని తెచ్చి కొట్టిన చేతికి తోడు నిలబెట్టమంటున్నారు. అది మింగుడుపడలేదు.

"ఆ కిటికీ చూడండయ్యా" అంది. "పై మూలది నా ముంజెయ్యి. పక్కవి నా పక్కటెముకలు. కింద మెడ ఎముక, మణికట్టు. పేరూ తేదీ అంచునే ఉన్నాయి. మా ఇంటికి మెట్లు లేవు. దేవుడున్నాడా అంటే ఉన్నాడు. ఆ రోజు నాతోపాటు నేల మీద పడి ఉన్నాడు. దానికి ఫిల్ము లేదు. మీరు నమ్మకపోతే నేనేం చెయ్యలేను. ఆయన కొట్టినవాడి పక్క మాత్రం లేడు."

పెద్దాయన లేచి కిటికీ వైపు అడుగు వేశాడు. అయ్యగారు ఆయనకంటే ముందే మైకు స్టాండు ఎత్తాడు. మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. రెండోది కిటికీకి. ముంజెయ్యి పగిలింది, పక్కటెముకలు పగిలాయి, గాజు వాన కురిసింది. ఆగకుండా చేతులతోనే మిగిలిన ఫిల్ములు పీకబోయాడు. అరచెయ్యి నిలువునా చీలింది. నలుగురు మగాళ్ళు పట్టుకుంటే గానీ ఆగలేదు. పట్టుకున్నవాళ్ళే ఇంకా సందేహంగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అయ్యగారు అలాంటి మనిషి కాడే అని.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి అత్తగారు లేచింది. కోడలి వైపు నడుచుకుంటూ కుడి చేతి జాకెట్టు మోచేతి పైదాకా తోసుకుంది. మోచెయ్యి ఉండవలసిన చోట లేదు. తప్పు వైపు తిరిగి, ముద్దగా, ముప్పై ఏళ్ళ కిందటే అలా అతుక్కుపోయింది.

"వాడి తండ్రి" అంది. "నాకు ఫిల్ములు తీసినవాళ్ళు లేరు. నువ్వు నమ్ముతావా అమ్మాయ్?"

"నమ్ముతాను అత్తయ్యా."

ఇద్దరూ గాజు ముక్కల మీంచి నడిచి బయటికి వచ్చారు. కోడలు భుజం అత్త పట్టుకుంది, అత్త మోచెయ్యి కోడలు పట్టుకుంది. ఎముకలక్క ఇల్లు రెండు వీధుల అవతలే.

లోపల తెల్ల చొక్కా ముందంతా ఎర్రబడుతోంది. ఈసారి నెత్తురు కూడా అతనిదే. ఎవరో కంగారుగా వేణ్ణీళ్ళు తెమ్మంటున్నారు. ఆమెకి వినబడింది. వెనక్కి తిరిగి చన్నీళ్ళని చెప్పలేదు.