నడిమి బుషింగు

పెద్దపల్లి దాటినంక ఒక చిన్న పట్నంల సబ్‌స్టేషనుండె. అది పందొమ్మిది వందల అరవై ఆరు ఎండకాలం. అక్కడి జూనియర్ ఇంజనీరు నజీరుద్దీన్ రోజూ పొద్దున రేడియో పట్టుకొని ట్రాన్స్‌ఫార్మరు కంచె పొంట తిరుగుతుండె. పాటల కోసం గాదు. ఏ స్టేషనూ పలుకని చోట ముల్లు పెట్టి, కరెంటు తీగెలు ట్రాన్స్‌ఫార్మరు లోపలికి దిగే పింగాణి గొట్టాల దిక్కు చెవి ఒగ్గుతుండె. వాటిని బుషింగులంటరు. మూడిట్ల నడిమి దాని దగ్గరికి పోతె రేడియో గరగరమంటుండె.

అంతకుముందు ఏడాది అసొంటిదే ఒకటి పగిలి, మరిగిన నూనె ఆపరేటరు ముత్తయ్య మీద పడ్డది. ప్రాణం దక్కింది గని వేళ్లు ముడుసుకపోయినయి. ఆయనను జీపుల దవాఖానకు తీసుకపోయింది నజీరుద్దీనే. తోవ పొడుగూత ముత్తయ్య అరవలే. జర మెల్లగ పోనియ్యమన్నడంతే. అప్పటిసంది నజీరుద్దీన్ దొరికిన పుస్తకమల్లా చదివిండు. బుషింగు లోపలి కాయితం పొరల్ల సన్నని గాలి సందు మిగిలితె, అండ్ల కంటికి కానరాని నిప్పురవ్వలు లేస్తయి. అవి పొరలను కొంచెం కొంచెం తినుకుంట పోతయి. పగిలే దాక మీటర్లల్ల ఏం తెలువది, రేడియోల మాత్రం గరగర ఇనొస్తది.

పెద్ద ఇంజనీరుకు చెప్పిండు. ఆయన కొట్టిపారెయ్యలే. గరగర బయటి తీగెలదన్న కావచ్చు, గట్టి రుజువు లేకుంట ఊరి కరెంటు బంద్ చెయ్యలేనన్నడు. నజీరుద్దీన్ హైదరాబాదు పోయి, ఒక ప్రయోగశాలల బతిమాలి, ఆ రవ్వలను తెర మీద సూపెట్టే యంత్రాన్ని చద్దర్లు చుట్టి రైల్ల తెచ్చిండు. పరీక్షకు మాత్రం ఒక పగలంత కరెంటు ఆపాలె. ఆ ఒక్క పగటికి పెద్ద ఇంజనీరు ఒప్పుకున్నడు.

ఆ మాట తెలిసి మరమగ్గాల నేతోళ్లు గేటు కాడికి వచ్చిండ్రు. ముందట కొండల్ నిలవడ్డడు. మగ్గం ఆగితె ఆ పూట కూలి లేదని, మంచిగ నడిచేదాన్ని ఆపుడెందుకని అడిగిండు. నజీరుద్దీన్ ఎంత చెప్పినా ఇనలే. గప్పుడు ముత్తయ్య గేటు అవతలికి పోయి చేతులు ముందటికి చాపిండు.

"తమ్మీ, గదీ మంచిగనే నడుస్తుండె," అన్నడు. "లోపల ఏమైతుందో ఎవ్వరు ఇనలే."

కొండల్ ఆ వేళ్లను చానసేపు సూసిండు. తనోళ్లను మళ్లేసుకపోయిండు.

తెల్లారి ఊరి కరెంటు ఆపి, ట్రాన్స్‌ఫార్మరుకు ఓల్టేజి మెల్లగ పెంచిండ్రు. మొదటి బుషింగు కాడ తెర మీది గీత సాఫుగున్నది. నడిమి దానికాడ సగం ఓల్టేజికే ముండ్లు లేసినయి, పెంచినకొద్ది గుబురైనయి. పెద్ద ఇంజనీరు కండ్లద్దాలు తుడుసుకొని మళ్ల సూసిండు.

"బంద్ పెట్టు, నజీర్. పైవోళ్లకు జవాబు నేను చెప్పుకుంట."

కొత్త బుషింగు వచ్చే దాక మగ్గాలు నడువలే. ఎదురైన నేతోళ్లు కొందరు నజీరుద్దీన్‌ను సూసి మొకం తిప్పుకున్నరు. అది ఆయనకు గుచ్చుకున్నది. అయినా పట్టిన పని విడువలే. పాతదాన్ని విప్పితె, కాయితం మీద నల్లటి గీతలు కొమ్మలు కొమ్మలుగ పాకి ఉన్నయి. ఆఖరు పొరలు కొన్నే మిగిలినయి. కొండల్‌ను పిలిచి సూపెట్టిండు. ఆయన ముట్టుకుంటె వేలికి మసి అంటింది.

"ఇంక జర ఆగుంటె?" అని అడిగిండు కొండల్.

"పగిలేది."

కరెంటు వచ్చిన తెల్లారి నజీరుద్దీన్ యంత్రాన్ని మళ్ల చద్దర్ల చుట్టి బోథ్ అనే ఊరి దిక్కు బయలెల్లిండు. అక్కడి ట్రాన్స్‌ఫార్మరును గూడ పరీక్ష చెయ్యాలె. ముత్తయ్య ఎవ్వరు పిలువకముందే బస్సుల వచ్చి కూసున్నడు.