నాన్న వోల్గా, అన్న మట్టి

అన్న పోయాడన్న కబురు మనిషి కంటే ముందు కారు తెచ్చింది. వీధి మలుపు తిరగకముందే ఆ ఇంజను దగ్గు గుర్తుపట్టాను. అది నాన్న పాత వోల్గా కారు. దాని మొహం చూడనని ఒట్టేసుకుని ఏళ్ళయింది.

దిగినవాడు మోల్దోకుల్, అన్న పక్కింటివాడు. టోపీ సర్దుకుంటూ నా రిపేరు షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తొక్తోసున్ వెళ్ళిపోయాడురా కెరిమ్‌కుల్. ఇవాళ మధ్యాహ్నం నమాజు అవగానే మట్టి చేస్తారు. నీకోసమే చూస్తున్నారు. పద."

నాన్న పోయినప్పుడు వోల్గా అన్నకిచ్చారు, పెద్దకొడుకని. ఆ కారు కింద పడుకోవడానికి బడి మానేసింది నేను. దాని రోగాలన్నీ తెలిసింది నాకు. ఆ రోజు బంధువులందరి ముందూ అన్నతో అన్నాను, "నీ సమాధి మీద గుప్పెడు మట్టి కూడా వెయ్యను" అని. మా కిర్గిజుల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఆ గుప్పెడు మట్టీ వెయ్యాలి, అంతే. అందుకే కారెక్కాను.

కనుమ సగం ఎక్కేసరికి రేడియేటరు మూత దగ్గర ఆవిరి బుస్సుమంది. బానెట్ ఎత్తి చూస్తే బెల్టు తెగి వేలాడుతోంది. ఈ బండికి ఒకే బెల్టు. ఫ్యానూ, నీళ్ళ పంపూ, డైనమో మూడింటినీ అదే తిప్పాలి.

"వచ్చేటప్పుడు బానే ఉందిరా," అన్నాడు మోల్దోకుల్.

"నువ్వూ బానే ఉన్నావు, లోపల ఏముందో ఎవరికి తెలుసు? డిక్కీలో ఏముంది?"

గుర్రాన్ని కట్టే పచ్చితోలు పలుపు ఉంది. వాగులో మంచు పగలగొట్టి దాన్ని నానబెట్టాను. తడితోలు బిగించి కడితే ఆరేకొద్దీ ఇంకా బిగుస్తుంది. గుడారం చట్రం కర్రలు మా వాళ్ళు అలాగే కడతారు. ముడి లావు కాకుండా కొనలు సన్నగా చెక్కి, సూదితో కుట్టి, కప్పీల మీద వేశాను. ఇంజను కాస్త చల్లబడ్డాక నీళ్ళు పోస్తే బండి కదిలింది. తోలు కీచుకీచుమన్నా పంపు తిరిగింది.

"నీ చేతికి దండంరా!" అన్నాడు మోల్దోకుల్. "నోటికే వాతపెట్టాలి."

శిఖరం ఇంకా కాస్త పైన ఉండగానే ఇంజను టపటపమని ఆగిపోయింది. ఈసారి నీళ్ళు కాదు, కరెంటు. బ్యాటరీ చూసి నా ఒళ్ళు మండింది. ఆ కాలపు వోల్గాలకు ప్లస్ తీగ బాడీకి బిగించాలి. ఇప్పటి కార్లన్నిటికీ మైనస్. ఎవరో కొత్త బ్యాటరీ కొని, ఇప్పటి కార్లలాగే బిగించారు. డైనమో ఛార్జింగు చెయ్యడం ఎప్పుడో మానేసింది.

"ఏ గాడిద బిగించాడిది?"

"మీ అన్నే. మంచం పట్టకముందు. చెయ్యాల్సిన తమ్ముడు లేక."

అప్పుడే వెనకనుంచి జీపు వచ్చి ఆగింది. మా మేనమామ కొడుకు జానిబెక్, వాళ్ళ వాళ్ళూ చావింట్లో కొయ్యడానికి ఓ గొర్రెను వేసుకుని అక్కడికే పోతున్నారు.

"ఎక్కు బావా, ఒక్కడికి చోటుంది. గొర్రె పక్కన సర్దుకో. పొద్దు వాలిపోతోంది."

"పోరా," అన్నాడు మోల్దోకుల్. "కారుకి నేను కాపలా ఉంటా. ఈ మంచులో దీన్ని దొంగ కూడా ముట్టుకోడు."

"నీళ్ళు గడ్డకడితే ఇంజను పగులుద్ది."

"కుళాయి తిప్పి నీళ్ళు వదిలేస్తా. ఆమాత్రం నాకూ తెలుసు."

అతను చెప్పింది నిజమే. అయినా నా చేతులు అప్పటికే ఛార్జింగును అదుపుచేసే రెగ్యులేటర్ మూత విప్పుతున్నాయి. కాలి నల్లబడిన పాయింట్లు కనిపించాయి. వాటిని అలా వదిలేసి, చావింటికి గొర్రె పక్కన కూర్చుని పోవడం నావల్ల కాలేదు.

"మీరు పొండి. వెనకే వచ్చేస్తా," అన్నాను.

జానిబెక్ నా మొహం చూశాడు, మోల్దోకుల్ మొహం చూశాడు, గేరు వేశాడు.

"ఆ రోజూ అంతే," అన్నాడు మోల్దోకుల్ జీపు పోయాక. "మనుషులు ఒకవైపు, నువ్వూ ఈ డొక్కూ ఒకవైపు."

తీగలు తారుమారు చేశాను. పాయింట్లను అగ్గిపెట్టె గరుకువైపుతో రుద్దాను. చిన్న తీగతో డైనమోకు ఒక్కసారి కరెంటు తాకించి, మిగిలిన కాస్త బ్యాటరీని నమ్ముకుని, ముందునుంచి వంకర కడ్డీ పెట్టి తిప్పాను. వేళ్ళ చర్మం ఇనుముకు అతుక్కుని ఊడింది. తిప్పగా తిప్పగా ఇంజను అందుకుంది. ఛార్జింగు ముల్లు కుడివైపుకు లేచింది. ఆ క్షణం నాకు సంతోషం వేసింది. దాచి ఏం లాభం?

కనుమ దిగేసరికి మగాళ్ళు గుట్టమీది సమాధుల నుంచి తిరిగి వస్తున్నారు. బూట్లకు ఎర్రమట్టి. పారలు భుజాన ఉన్నాయి. మాలో మగవాడు చావింటికి "నా అన్నా, నా కొండా!" అని ఏడుస్తూ పరుగెత్తాలి. పరుగెత్తాను. పెద్దాయన ఓమూర్జాక్ నా భుజం పట్టి ఆపాడు.

"అయిపోయింది నాయనా. జీపు వచ్చేదాకా ఆగాం. అందులో నువ్వు లేవు. పొద్దు వాలిపోతుంటే ఇంకెంతసేపు ఉంచుతాం?"

"ఇప్పుడు వేస్తాను. గుప్పెడే."

"దువా చదివేశాక ఆ మట్టి ముట్టుకోకూడదు. నీకు తెలీందా?"

తెలుసు. చావుకని వేసిన గుడారంలోకి వెళ్ళాను. వదిన షైర్‌గుల్ మా ఆడవాళ్ళ ఆచారం ప్రకారం గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతోంది. అడుగుల చప్పుడుకు శోకం ఆపింది గానీ ఇటు తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. అరచేతిలో గొర్రె కీలెముక వేలాడే వోల్గా తాళంచెవి, నాన్న వాడినది; మోల్దోకుల్ దగ్గరున్నది మారు తాళంచెవి.

"మట్టి వేశాక నీకివ్వమన్నారు. పోయేముందు."

"నేను వెయ్యలేదు వదినా."

"తెలుసు. బండి చప్పుడు అందరూ తిరిగొస్తుంటే వినబడింది." ఆమె చెయ్యి ఇంకాస్త చాపింది. "తీసుకో. దాని రోగాలు ఈ ఇంట్లో ఇంకెవరికి తెలుసు?"

తీసుకున్నాను. ఆమె మళ్ళీ గోడవైపు శోకం ఎత్తుకుంది.

బయట చలి ముదురుతోంది. రాత్రికి నీళ్ళు గడ్డకడతాయి. వోల్గా కింద పడుకుని రేడియేటరు కుళాయి తిప్పాను, తర్వాత ఇంజనుది. వేడినీళ్ళు పొగలు కక్కుతూ నేలమీద పడ్డాయి. గట్టిపడిన మట్టి అక్కడ కాస్త మెత్తబడింది. గుప్పెడు తీసి పట్టుకున్నాను. ఎక్కడ వెయ్యాలో తెలియక, నీళ్ళు పూర్తిగా కారేదాకా అలాగే పడుకున్నాను.