గోడ వైపు తిప్పిన పల్లం

నేను ఒక పాలరాతి స్తంభాన్ని. ఇటలీలో ఒక కొండ ఊరి చర్చి వాకిట్లో, కుడిపక్క గోడని ఆనుకున్నట్టే నిలబడి ఉంటాను. నేను పుట్టింది చర్చి కోసం కాదు. సూర్యదేవుడి గుడికని నన్ను చెక్కారు. ఆ దేవుడి రోజులు అయిపోగానే గుడి కూలగొట్టి, నన్ను మాత్రం దొర్లించుకొచ్చి ఏసుప్రభువు ఇంటికి నిలబెట్టారు. దేవుణ్ణి మార్చుకున్నవాళ్లు రాయిని పారేసుకోలేదు. నా తల మీద కమాను కట్టారు, పైన చెక్క కప్పు వేశారు, పక్కన గంటగోపురం లేపారు. వందల ఏళ్లకి ఎవరికో నేను బోసిగా కనిపించాను. ఒళ్లంతా సున్నం మెత్తి దేవదూతల బొమ్మలు అతికించారు. తర్వాతివాళ్లు అవి అసహ్యమని గీకేశారు.

నన్ను నన్నుగా చూసింది ఈ ఊరి ఆడవాళ్లే. బాప్తిస్మానికి లోపలికి తీసుకెళ్లే ముందు బిడ్డ అరచేతిని నాకు ఆనిస్తారు. తరతరాల చేతులు ఆని ఆని నా నడుం దగ్గర పల్లం పడింది. చూపు పోయిన సెరఫీనా మామ్మ రోజూ అందులో చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టేది. "మా అమ్మ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది," అనేది. మునిమనవరాలి చెయ్యి కూడా అక్కడ ఆనించి పోవాలని ఆమె కోరిక.

ఇంతలో భూకంపం వచ్చి కప్పు కూలింది. బాగుచేయడానికి పట్నం నుంచి లాండి అనే ఇంజనీరు వచ్చాడు. నన్ను పెకలించి, కడిగి, మళ్లీ నిలబెట్టేటప్పుడు అరిగిన వైపుని గోడకి తిప్పించాడు.

చర్చి మళ్లీ తెరిచిన రోజు బాప్తిస్మానికని మామ్మ పసి మునిమనవరాలిని ఎత్తుకుని వచ్చింది. నన్ను తడిమింది. అంతా నున్నగా తగిలింది.

"ఇది మా స్తంభం కాదు బాబూ. మాది ఏం చేశారు?"

"అదే మామ్మా. కాస్త తిప్పామంతే. వచ్చినవాళ్లకి గుంట కనిపిస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు అక్కడే ఉన్న లాండి.

"మా ఆయనా ఇంతే. మంచి మొహం వీధికి, రెండోది ఇంటికి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గోడకీ నాకూ మధ్య సందులో చెయ్యి దూర్చింది. వాచిన కణుపుల దగ్గర ఇరుక్కుంది. పసిచేతిని దూర్చబోతే బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది.

"రా సెరఫీనా, ఆలస్యమవుతోంది," లోపలినుంచి ఫాదర్ గారు పిలిచారు.

బాప్తిస్మం అయిపోయింది. మామ్మ మళ్లీ రాలేదు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటోందట.

ఇప్పుడు నా ముందు ఒక పలక పెట్టారు. 'అసలు రూపానికి తెచ్చాం' అని రాసి ఉంది. చదివినవాళ్లంతా తలూపుతున్నారు. ఈ ఇంటి ప్రభువుకైనా నా అసలు రూపం ఎటువైపుందో తెలుసా అనుకుంటాను.

పల్లం మాత్రం చల్లబడిపోయింది.