కుట్టిందా, ముట్టిందా?

ఆ ఇంట్లో ప్రమాదాలన్నీ ఫోన్లోనే ఉండేవి. కొడుకు సెల్ టవర్లు బిగించే పనిమీద ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. ఎడారిలో బూటు దులిపితే తేలు రాలిపడిందని, కొండల్లో టవర్ కింద ఎలుగుబంటి తిష్ట వేస్తే అది కదిలేదాకా పైనే వేలాడామని, సముద్రం పక్క చిత్తడి నేలలో కేబుల్ గొయ్యి నిండా పాములేనని, పెళ్లి భోజనం గురించి చెప్పినంత సంబరంగా చెప్పేవాడు. వినే ఇద్దరాడవాళ్లకీ మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు.

"పురుగూ పుట్రా చూసుకో నాయనా" అనేది తల్లి, ప్రతిసారీ. కొడుకు నోరారా చెప్పే ఆ జీవి పేరు ఆవిడ నోట ఎవరూ విన్న పాపాన పోలేదు. పేరు పెట్టి పిలిస్తే మనుషులు పలుకుతారు కదా, అదీ పలుకుతుందేమోనని ఆవిడ భయం.

కోడలు మూడో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్ల. ఆమె లెక్కలో పురుగంటే బియ్యంలో ఉండేది, మహా అయితే వంకాయలో ఉండేది.

ఆ మధ్యాహ్నం కోడలు ముందుగదిలో కుట్టుమిషను మీద ఉంది. బడులు తెరిచేలోగా యూనిఫారాలు ఇవ్వాలి, ఇంకా కాలర్లే పడలేదు. అత్తగారు పెరట్లో బట్టలుతికే రాయి పక్కన పాత గోనెసంచులు సర్దుతోంది. కాసేపటికి చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఏదో పురుగు ముట్టిందే" అంది. మిషను రొదలో కోడలికి సగమే వినబడింది. మిగతా సగం తనే కుట్టేసుకుంది.

"కుట్టిందా? ఏదీ, చూడనివ్వండి."

చూపుడు వేలి మీద రెండు సన్నని గాట్లు. వాపు లేదు, ఎరుపు లేదు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"పెద్దగా లేదు."

"అయితే ఏం కాదులెండి. మందు రాస్తాను, కాసేపు పడుకోండి."

అత్తగారు ఆమె ముఖంలోకి ఒక్క క్షణం వింతగా చూసి, బుద్ధిగా వెళ్లి పడుకుంది. కోడలు దుప్పటి కప్పింది, ఫ్యాను వేసింది, మిషను చప్పుడుకి నిద్ర చెడకూడదని తలుపు కూడా దగ్గరగా వేసింది. అంతకన్నా బాగా చూసుకునే కోడలిని వీధిలో ఎక్కడా చూపించలేరు.

నాలుగు కాలర్లు పడ్డాక ఫోన్ మోగింది. భర్త. ఆ రోజు సంబరం తేనెటీగలట, టవర్ కొసన పట్టు పెట్టాయట. అంతా చెప్పి, "అమ్మేది?" అన్నాడు.

"పడుకున్నారు. చేతికేదో పురుగు కుట్టిందట, మందు రాశాను."

అవతల నవ్వు ఆగిపోయింది.

"కుట్టిందందా, ముట్టిందందా?"

"ఏదైతేనేమండీ?"

"ఏదైతేనేమేంటి! అమ్మ నోట ఏం వచ్చిందో అదే చెప్పు!"

ఆమె గుర్తు తెచ్చుకుంది. గుమ్మం, తడి చెయ్యి, మిషను రొద. "ముట్టింది... ముట్టిందే అన్నట్టున్నారు."

"మా అమ్మ పురుగు ముట్టిందంటే పాము కరిచిందనే! లేపు! కట్టు కట్టకు, గాటు పెట్టకు, అడుగు కూడా వెయ్యనివ్వకు. ఎవరినైనా పిలిచి ఎత్తించి, ఉన్నపళంగా ఆసుపత్రికి పట్టుకెళ్లు!"

కోడలు గదివైపు పరుగెత్తింది. తలుపు తోస్తే అత్తగారు మేలుకునే ఉంది. కానీ రెప్పలు సగానికి మించి లేవడం లేదు. "నీళ్లు" అనబోతే నాలుక మడత పడింది.

పక్కింటి ఆటో ఆయన్ని వీధంతా నత్త అంటారు, అంత తాపీ మనిషి. "బాబాయ్!" అని గోడ మీంచి కోడలు వేసిన కేకకి ఆ నత్తే చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి, ఆవిడని చంటిపిల్లలా ఎత్తుకెళ్లి ఆటోలో పెట్టాడు. తర్వాత ఆ ఆటో ఎలా నడిచిందో కోడలికి గుర్తులేదు. అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని, నా చేత్తోనే దుప్పటి కప్పానే, నా చేత్తోనే తలుపు మూశానే అని దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

"ఏం కరిచింది?" అంది డాక్టరమ్మ.

"పాము!" అని అరిచింది కోడలు.

స్ట్రెచర్ మీంచి ముద్దముద్దగా ఒక గొంతు: "గట్టిగా అనకే..."

డాక్టరమ్మ ఆ రెప్పలు చూసి మరో ప్రశ్న వెయ్యలేదు. విరుగుడు మందు సీసా వేలాడింది. ఊపిరి అందించే మిషను మంచం పక్కకి వచ్చి నిలబడింది. దాని అవసరం రాకూడదని, కోడలు గుర్తొచ్చిన దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంది. మళ్లీ మళ్లీ ఫోన్ మోగుతూనే ఉంది. "డాక్టరమ్మ ఇంకా ఏమీ చెప్పలేదండీ" అని ప్రతిసారీ అదే చెప్పింది.

పొద్దు వాలేవేళకి అత్తగారు కళ్లు పూర్తిగా తెరిచి, "ఆ కాలర్లు అయ్యాయా?" అంది.

కోడలికి ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "గండం గడిచింది, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది. రెండ్రోజులు ఇక్కడే ఉండాలి" అని చెప్పి వెళ్లింది. ఆ ఊపిరి మిషను మళ్లీ మూలకి వెళ్లిపోయింది. బయట బెంచీ మీద నత్త బాబాయ్ ఇంత పొడుగు ఊపిరి వదిలాడు. ఫోన్లో కొడుకు వెక్కుతున్నాడు.

"అంత ప్రమాదమైతే గోల పెట్టొద్దా అత్తయ్యా?" కోడలికి ఇప్పుడు కోపమొచ్చింది.

"చెప్పానుగా ముట్టిందని! నువ్వేమో ఏం కాదులెండి, పడుకోండి అన్నావు. చదువుకున్న పిల్లవి, నిబ్బరంగా ఉన్నావు, నీకు తెలియదా అనుకున్నాను."

ఆ నమ్మకమే ఆవిడని మంచమెక్కించిందన్నమాట.

"అమ్మా," ఫోన్ స్పీకర్లోంచి కొడుకు బతిమాలాడు, "నీకు దణ్ణం పెడతాను. ఇకమీదైనా దాన్ని పేరుతో చెప్పవే. మాకు తెలియొద్దూ?"

ఆవిడ కోడలి ఎర్రబడ్డ కళ్లు చూసింది. గుమ్మం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. దగ్గరికి రమ్మని కోడలికి సైగ చేసి, చెవిలో, ఊపిరి కన్నా మెల్లగా అంది:

"పాము."

కోడలు ఆవిడ భుజమ్మీద తల పెట్టి, నవ్వుతూ ఏడ్చేసింది. తర్వాత, ఎందుకైనా మంచిదని, వంగి మంచం కింద ఒకసారి చూసింది.