బొంతకాకి ముట్టిన ముద్ద

కాకి ముట్టలేదు.

మా ఆయన కామాక్షయ్య పెద్దకర్మ రోజు అది. బోగోలు దగ్గర మా పల్లె ఒడ్డున, సరుగుడు చెట్ల కింద విస్తరి పరిచి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. అన్నం, కానాగంత చేపల పులుసు, బీడీకట్ట. ఆయన ఎప్పుడూ తినకుండా పక్కన పెట్టే చేప తలకాయను కూడా ఉంచాను. ఎందుకో నాకు తెలుసు. మాకు మగబిడ్డ లేడు కాబట్టి కర్మ చేసింది ఆయన అన్న, మా బావ జయరామయ్య కొడుకు శివ. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, అదేమిటో ఊహించి బతికున్నవాళ్లు మాటివ్వాలి.

ఎండ నెత్తికెక్కింది. ఊరకాకి ఒక్కటీ రాలేదు. ఎందుకొస్తుంది? పక్క రేవులో పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ఆ బూడిదరంగు మెడ కాకుల గుంపంతా అక్కడ చేపల మీద వాలి గోల చేస్తోంది. పచ్చి చేపను వదిలి చల్లారిన పులుసుకు ఏ కాకీ రాదు. ఎండుచేపలకు కాపలా కాసే నాకు కాకుల సంగతి ఒకరు చెప్పాలా?

"వాణిని చల్లంగా చూసుకుంటాంలే బావా" అన్నాడు నా తమ్ముడు పెంచలకృష్ణ విస్తరి వైపు చేతులు జోడించి. నా కూతురి పేరు చెప్పినా రాలేదు.

అప్పుడు జయరామయ్య బావ గొంతు సవరించుకున్నాడు.

"వాడి మనసంతా పడవ మీదే ఉండాది మస్తానమ్మా. దాన్ని శివకి ఇస్తానని చెప్పు. కాకి ఎట్టా రాదో చూస్తాం."

మాకున్నది ఆ ఒక్క పడవ. పెంచలకృష్ణ వేటకు తీసుకెళ్తే, తెచ్చిన చేపలు నేనూ వాణీ అమ్ముకుంటే మా పొయ్యి వెలుగుతుంది. బావకు ఇప్పటికే రెండున్నాయి. కాకులను కొట్టి గద్దలకు వేయడమంటే ఇదే.

"ఆ మాట చెప్పెయ్యమ్మా. ఆయన్ని తిప్పలు పెట్టబాక" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. లోకులు పలుగాకులంటారు. ఆ కాకులు మాత్రం ఆ రోజు బాగానే వాలాయి.

భయపడ్డాను, అబద్ధమెందుకు. ఆయన ఆకలితో తిరుగుతున్నాడేమో అనిపించింది. సరేననడానికి నోరు కూడా తెరిచాను.

అంతలో సరుగుడు కొమ్మ మీది నుంచి బొంతకాకి దిగింది. మెడ దగ్గర కూడా బూడిదరంగు లేని నిండు నలుపు, లావు ముక్కు. ఊరకాకిలా గుంపును వెంటేసుకుని రాదు. దీని జోడు కొమ్మ మీదే ఆగింది. నేరుగా విస్తరి దగ్గరికి నడిచి చేప తలకాయను ముక్కున పట్టింది.

"ఛీ, పో" అని బావ తుండుగుడ్డ విసిరాడు. అది నాలుగడుగులు వెనక్కి ఎగిరింది, తలకాయను వదల్లేదు.

"అది బొంతకాకి. లెక్కలోకి రాదు. ఊరకాకే ముట్టాల" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. భయమంతా ఎటు పోయిందో.

"బావా, మీరు ఆయన పక్కన కూర్చోని ఎన్నేళ్లు సద్ది తిన్నారు? ఊరకాకి సద్ది కాడికి వస్తే ఏం చేసేవాడు?"

బావ ఇసుక వైపు చూశాడు.

"చెప్పండి. అందరూ వింటా ఉండారు."

"ఇసక తీసుకోని కొట్టేవాడు."

"మరి చేప తలకాయ ఎవరికి ఏసేవాడు?"

ఈసారి జవాబిచ్చింది శివ.

"బొంతకాకికి, చిన్నమ్మా. నేనూ చూసినాను."

"బతికినన్నాళ్లూ ఊరకాకిని సద్ది తాకనీయని మనిషి, చచ్చినాక ఊరకాకిలో వస్తాడా?" అన్నాను.

కొమ్మ మీది రెండోది కూడా దిగి అన్నంలో ముక్కు పెట్టింది. "ముట్టింది. పదండి, నీళ్లు పోసుకుందాం" అన్నాడు ఊరి పెద్ద. శివ అందరికంటే ముందు సముద్రం వైపు నడిచాడు.

ఆయన మనసు పడవ మీదే ఉందని బావ అన్నది నిజమే. మర్నాడు తెల్లవారేసరికి దాన్ని నీళ్లలోకి తోయించాను.